పంజరం కడిగేది ఎవరు?

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వచ్చే బస్సులో మొన్న నా సీటు కింద నుంచి మగ్గిన జామపండు, పిట్టల రెట్ట కలిసిన వాసన కొట్టింది. వంగి చూస్తే చిల్లులు పొడిచిన అట్టపెట్టె. లోపల కీచుకీచుమంటున్నాయి. "ఏందయ్యా అందులో?" అని పక్కాయన్ని అడిగాను. "రామచిలక పిల్లలు. ఆర్డరు ఉండాది" అన్నాడు, వంకాయలు తీసుకుపోతున్నంత తేలిగ్గా. తొర్రలోంచి పిల్లల్ని ఎత్తుకొచ్చి అమ్మడం నేరమని వాడికి తెలియదా? ఒళ్లు మండింది. బస్సంతా తిరిగి చూసేలా కడిగిపారేశాను. ఫారెస్టు వాళ్లు వచ్చి పెట్టె తీసుకునేదాకా బస్సు కదలనివ్వలేదు. నాకీ నోరు పుట్టుకతో రాలేదు. అది రత్నమ్మక్క పెట్టిన భిక్ష.

డిగ్రీ అయ్యాక నేను మొదట పనికి చేరింది ఆత్మకూరులో ఆమె పిట్టల అంగట్లోనే. అడవి పిట్టల జోలికి ఆమె పోయేది కాదు. బుగ్గల మీద నారింజ రంగు చుక్కలుండే కాక్‌టీల్ చిలకల్ని ఇంట్లో జంటలుగా పెంచి, పిల్లలకు గింజ ఒలుచుకు తినడం వచ్చాకే అమ్మేది. ఎవరొచ్చినా ధర చెప్పకముందే అడిగేది, "పంజరం కడిగేది ఎవురు?" అని. మగవాళ్లు నవ్వేవాళ్లు. "ఇంట్లో ఆడోళ్లు లేరా ఏంది?" "అయితే ఆమెని పిలుచుకోని రా. ఇచ్చేది ఆమె చేతికే" అనేది అక్క. సగం మంది గొణుక్కుంటూ వెళ్లిపోయేవాళ్లు. గిరాకీ పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆమెకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఒకరోజు మర్రిపాడు వైపు నుంచి ఒక పెద్ద రైతు కారులో దిగాడు. ఊళ్లో ఆయన మాటే చెల్లుతుంది. కూతురి పుట్టినరోజుకి చిలకపిల్ల కావాలన్నాడు. ఆయన వేలు చూపించిన పిల్లకు అక్క ఇంకా గోరువెచ్చని పిండి కలిపి చెంచాతో పడుతోంది.

"ఇది ఇంకా తిండి నేర్వలేదు. నేర్చినాక మీ ఇంటామెని తీసుకోని రాండి" అంది అక్క.

"ఏందమ్మా, పిట్టకి పెళ్లిచూపులా? ఈ రూము ఎవురిదో తెలుసునా? మా బామ్మర్దిది."

"రూము ఆయనది. పిట్ట నాది. పోయిరాండి."

వారం తిరక్కుండా అంగడి ఖాళీ చేయించారు. పంజరాలు ఆటోలోకి ఎక్కిస్తుంటే చుట్టుపక్కల అంగళ్లవాళ్లు చేతులు కట్టుకుని చూశారు. "పిట్ట కోసం పొట్ట కొట్టుకుంది" అని నవ్వారు. ఒక్కడు కూడా ఆ రైతును ఇదేం న్యాయమని అడగలేదు. ఆ నవ్వులు తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు నూరాలనిపిస్తుంది.

కొన్నాళ్లకు, నేను అక్క ఇంట్లో పిట్టలకు మేత వేస్తుండగా, ఆ రైతు భార్య ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కొంగులో చిలకపిల్ల. ఆయన ఇంకెక్కడో కొన్నాడట. దాని గొంతు కింద తిండి సంచి రాయిలా గట్టిపడింది.

"పాలన్నం పెట్టినానమ్మా, మా పిల్లోళ్లకి పెట్టినట్టే. మెత్తగా పిసికి పెట్టినా. తినింది గూడా" అని ఏడ్చింది ఆమె.

పిట్టకు పాలు అరగవు. ఆ సంగతి ఆమెకు చెప్పినవాడు లేడు. అక్క వేడినీళ్ల సీసా ఆనించి, గొంతు నిమిరి, తెలిసినదంతా చేసింది. పిల్ల ఆమె అరచేతిలోనే పోయింది.

ఇప్పుడు చూడు, ఆ మొగుడి పెద్దరికాన్ని ఎలా దులుపుతుందో అనుకున్నాను. అక్క మొహం ఎర్రబడింది. కానీ చనిపోయిన పిల్లను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, పొయ్యి వెలిగించింది.

"ఇట్లా రా తల్లీ. పిండి ఎట్లా కలపాలో చూపిస్తా. వేడి నీ మణికట్టు మీద చూసుకో."

"పిల్లే పోయె గదా. ఇంక నాకెందుకమ్మా?"

"మీ ఆయన ఇంకోటి తెస్తాడు. అప్పటికన్నా నీకు తెలిసుండాల."

రత్నమ్మక్క ఇప్పుడు లేదు. ఉదయగిరిలో మా ఇంట్లో ఆమె పిట్టల సంతతే పెరుగుతోంది. తెలియక పిట్టను పాడుచేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేనూ మేపడం నేర్పుతాను. ఆమె కోపం నాకు వచ్చింది గానీ, ఆ కోపాన్ని దిగమింగి పొయ్యి వెలిగించే గుణం రాలేదు. ముందు తిడతాను. తరువాతే నేర్పుతాను.