మహబూలా మాస్టారి పిడికిలి

కోనసీమలో మేనమామ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించిన అబ్బులు కువైట్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. వారమంతా అహ్మదిలో పైపులు బిగిస్తాడు. సెలవు రోజు శుక్రవారం వస్తే మాత్రం తానుండే మహబూలాలో ఆయన మాస్టారు. వయొలిన్ పట్టిన డ్రైవరు, కీబోర్డు వాయించే స్టోర్ కీపరు, తబలా కొట్టే వంటమనిషి, ఇలా పన్నెండు మందిని పోగేసి ఏడేళ్లలో ఆర్కెస్ట్రా తయారుచేశాడు. వాళ్లలో స్వరాలు చదవగలిగినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లకు అబ్బులు చెయ్యే పుస్తకం. అరచెయ్యి లేస్తే అందుకోవాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి.

ఉగాది కార్యక్రమానికి వారం ముందు తెలుగు సంఘం పెద్ద, ఇంజనీరు సత్యప్రసాద్ రిహార్సల్‌కి వచ్చాడు.

"పెద్దవాళ్లొస్తున్నారు అబ్బులూ. ఆ రోజు ఆర్కెస్ట్రా ముందు నేను నిలబడతాను. నువ్వు తెర పక్కన వైర్లూ అవీ చూసుకో."

"మరి తాళం ఎవరు చూపిత్తారండీ?"

"చెయ్యి ఊపడానికేముందయ్యా? పైపులు బిగించేవాడు కోటేసుకుని నిలబడితే ఏం బాగుంటుంది?"

పన్నెండు మందీ విన్నారు. అబ్బులు మొహం మాడిపోయింది. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఆ వారమంతా కంపెనీ బస్సులో కూర్చుని ఆ మాటే నమిలాడు. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు.

"ఆయన్ని చూడకండి. తెర చాటునుంటాను, నన్నే చూడండి."

ఉగాది రోజు అబూ హలీఫాలో హాలు నిండిపోయింది. మూడు పాటలు అద్భుతంగా సాగాయి. సత్యప్రసాద్ చేతులు ఊపాడు, వాద్యాలు మాత్రం పక్కన తెర చాటున ఉన్న అబ్బులు చేతిని పట్టుకుని నడిచాయి. చప్పట్లు ఆగకముందే సత్యప్రసాద్ మైకు అందుకున్నాడు.

"ఈ ఆర్కెస్ట్రా నా ఏడేళ్ల కష్టం!"

అబ్బులుకి ఒళ్లు మండిపోయింది. నాలుగో పాట నర్సు దేవికది. ఆ పిల్ల స్టేజీ ఎక్కడం అదే మొదలు. చరణం మధ్యలో అబ్బులు పిడికిలి బిగించాడు.

పన్నెండు వాద్యాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో సత్యప్రసాద్ చేతులు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది.

"వాయించండ్రా!" అని పళ్లు కొరికాడు సత్యప్రసాద్. ఎవరూ కదల్లేదు. దేవిక తెరవైపు తిరిగి కళ్లతోనే బతిమాలింది. అబ్బులు చూశాడు, పిడికిలి విప్పలేదు.

ఆ పిల్లకి శ్రుతి తప్పింది. అయినా మిగిలిన పాట ఒంటరిగానే పాడి దిగిపోయింది.

ఆ అవమానంతో సత్యప్రసాద్ సంఘం పదవి వదిలేశాడు. కోటేసుకుని ముందు నిలబడేది ఇప్పుడు అబ్బులే. దేవిక మాత్రం మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే ఒక్క మాటే అంది:

"నన్నెందుకు బలిచేశారు మాస్టారూ?"

తబలా కొట్టే భూమేశ్ ఓసారి అడిగాడు. "గట్ల చేసినందుకు మనసుకేమనిపిస్తలేదా మాస్టారూ?"

"ఆ పిల్లకి కాళ్లట్టుకుని క్షమాపణ చెప్తానయ్యా" అన్నాడు అబ్బులు. "ఆయనకంటావా? మళ్లీ అదే హాలు, అదే పాట ఇమ్మను. అక్కడే ఆపేత్తాను."