అచ్చమ్మ మార్చిన గాజుముక్కలు

బర్మాలో, యాంగాన్ నగరపు అహ్లోన్ రేవు పక్కన పాత బియ్యం మిల్లు గోదాం ఒకటుంది. మిల్లు ఆగిపోయి చాలా కాలమైంది కానీ గోదాం మాత్రం మన తెలుగువాళ్ల వాడకంలో మిగిలింది. అమ్మవారి సంబరానికైనా, పెళ్లికైనా భోజనాల బంతి అక్కడే. దాని తాళంచెవి ముప్పై రెండేళ్లుగా అచ్చమ్మ కొంగున ఉంది. ఆమె తండ్రి ఆ గోదాంలోనే బస్తాలు మోశాడు. భర్త పడవ పనికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ ఏడే తెలుగు సంఘంవాళ్లు ఆమె చేతికి చీపురిచ్చారు. ఎవరికీ ఎదురు చెప్పదు, ఎవరి మనసూ నొప్పించదు. ఆమె గురించి అందరూ చెప్పే మంచి అదే.

పోయిన ఏడాది మార్చిలో వచ్చిన భూకంపం యాంగాన్‌ను ఊపి వదిలేసింది. గోదాంలో నదివైపు గోడ మీద పైనుంచి కిందిదాకా ఒక బీట పడింది. కొన్నాళ్లకు హ్నిన్ అనే అమ్మాయి వచ్చింది. మన తెలుగువాళ్లలోనే ఒకాయన మనవరాలు, తల్లి బర్మా మనిషి. భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. బీటకు అడ్డంగా అయిదు చోట్ల పలుచని గాజుముక్కలు ప్లాస్టర్‌తో అతికించి, అవి ఎందుకో సగం బర్మీస్‌లో, సగం ఇంగ్లీషులో అచ్చమ్మకు చెప్పింది. అచ్చమ్మ అన్నిటికీ తలూపింది. చదువుకున్న పిల్ల అంతసేపు చెబితే అర్థం కాలేదనడం బాగుండదు కదా. మిగిలిన గాజుముక్కల పెట్టె అలమరలో పెట్టి హ్నిన్ వెళ్లిపోయింది. నెలకోసారి వచ్చి చూసుకునేది.

వానల్లో ఒకరోజు ఊడుస్తుంటే ఒక ముక్క నిలువునా పగిలి కనిపించింది. అమ్మవారి పటం ఉన్నచోట పగిలిన గాజు ఉండకూడదు. పైగా సరిగా అతికించలేదని ఆ పిల్లను మేష్టర్లు తిడతారేమో! అచ్చమ్మ ఆ ముక్కలను నదిలో కలిపి, పెట్టెలోంచి కొత్తది తీసి, అచ్చం హ్నిన్ అతికించినట్టే అతికించింది. పసుపు బొట్టు కూడా పెట్టింది. నెల తిరిగేసరికి హ్నిన్ వచ్చి బొట్టు చూసి నవ్వుకుని, గోడ కదల్లేదని రాసుకుంది. పెట్టె తెరిచి చూడాలని ఆమెకు తోచలేదు.

ఈ ఏడు హ్నిన్ వాళ్ల తరగతిలో ఒక కొత్త పని పెట్టారు. చేస్తున్న పరిశోధనేమిటో చదువు లేనివాళ్లకు కూడా తెలిసేలా చెప్పి రావాలి. అంకెలు వద్దు, వినేవాళ్ల వంటింట్లోంచి ఒక వస్తువు తీసుకుని చెప్పమంది వాళ్ల మేడం. హ్నిన్ అప్పడం ఎంచుకుంది.

సంబరానికి వారం ముందు, ఆదివారం ఉదయం గోదాంలో అందరూ చేరారు. హ్నిన్ రెండు పీటలు పక్కపక్కన పెట్టి, మైదా పిండితో వాటి మీద అడ్డంగా అప్పడం అంటించింది.

"ఒక పీట కొంచెం కదిల్తే?" అంది వచ్చీరాని తెలుగులో కూడబలుక్కుంటూ.

"ఇరిగిపోద్ది!" అన్నారందరూ.

"మాయత్త ఓరగా సూసినా ఇరిగిపోద్ది," అంది కొత్త కోడలు జయ. గోదాం గొల్లుమంది.

"గాజు ఈ అప్పడం లాగే. గోడ కదిల్తే ఇరుగుతుంది. పది నెలలు చూసాను. ఒక్కటీ ఇరగలేదు," అంది హ్నిన్.

సంఘం పెద్ద ధనరాజ్ చప్పట్లు కొట్టాడు. "ఇన్నాళ్లకి సదువుకున్న గుంట ఒకర్తి మనకి తెలిసేలాగ సెప్పినాది. ఇంకేటి, బంతి లోపలే!"

అచ్చమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. అందరూ వెళ్లేదాకా ఆగి హ్నిన్ చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మా, ముందే ఇలాగ సెప్పకపోయావేటే?"

"ఏం, మామ్మా?"

"ఇరిగినియ్యి నాను మార్చేసినాను."

హ్నిన్ గోడవైపు తిరిగింది. "ఎన్ని?"

"వానల్లో రెండు. సలికాలంలో నాలుగు." అచ్చమ్మ వేళ్లు లెక్కపెట్టింది. "ఈ నెల్లో అయిదు."

హ్నిన్ పరుగున వెళ్లి పెట్టె తెరిచింది. అడుగు కనిపిస్తోంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ ధనరాజ్ ఇంటికి వెళ్లారు. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"ఎప్పుడు పడుద్ది?"

"తెలీదు, ఊ ధనరాజ్," అంది హ్నిన్, బర్మా మర్యాదలో పేరు ముందు "ఊ" చేర్చి.

"సంబరం నాడేటి?"

"పడకపోవచ్చు కూడా. కానీ కూర్చోకూడదు."

"పొద్దున బాగా తెలిసినట్టు సెప్పేవు. ఇప్పుడు తెలీదంటన్నావు. ఏది నమ్మాల? ఈదిలో బంతంటే వార్డు ఆఫీసుకి అందరి పేర్లూ రాసివ్వాల. ఆ కాయితం సూసే కదా కుర్రోళ్లని సైన్యంలోకి అట్టుకుపోతన్నారు. మన కుర్రోళ్ల పేర్లు నువ్వు రాసిస్తావేటి?"

హ్నిన్ అచ్చమ్మ చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది.

సంబరం నాడు ఎండ మండిపోతోంది. అచ్చమ్మ చెవిలో వేసిన మాటకు ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని, ఇద్దరిద్దరుగా, తమ ఇళ్ల పంచల్లోనే తిన్నారు. మగవాళ్లు మాత్రం చల్లగా ఉంటుందని నదివైపు గోడ వారనే బారుగా కూర్చున్నారు.

"మామ్మా, బయటికి రా," అని హ్నిన్ గుమ్మంలోంచి పిలిచింది.

"వడ్డించేవోళ్లు ఉండాల కదే," అంటూ అచ్చమ్మ అన్నం గిన్నె ఎత్తుకుని ఆ వరుసలోకే వెళ్లింది. అన్నం, పులుసు ఒక్కసారే వేసేసింది. మారు అడగలేదు. "బేగి తిను బాబూ. బేగి లెగు."

"ఏటప్పా, పులుసు మిగిల్చి ఇంటికి అట్టుకెల్తావేటి?" అన్నారెవరో. నవ్వులు. ఆమె నవ్వలేదు. బయట డప్పులు మొదలయ్యాయి. దెబ్బ దెబ్బకూ పైనుంచి సన్నని సున్నం పొడి విస్తళ్లలోకి రాలుతోంది. ఉప్పు తక్కువైందని ఎవరో అన్నారు.

ఆ రోజు గోడ పడలేదు.

అదే ముప్పయింది. గోడ గట్టిదేనని తేలిపోయిందంటూ, వచ్చే నెల సంఘంలోని వెంకటరమణ కూతురి పెళ్లి భోజనాలూ అక్కడే అనుకున్నారు. నాలుగు వందల మంది. ఇంకొక్కసారి అందరినీ కూర్చోబెట్టి చెబుతానని హ్నిన్ బతిమాలింది. అచ్చమ్మ పక్కనే నిలబడి, మొదటిసారి పెద్దల ముందు నోరు తెరిచి, తన తప్పు తనే చెప్పుకుంది.

ధనరాజ్ హ్నిన్ తల మీద ప్రేమగా చెయ్యి వేశాడు.

"ఓపాలి ఇన్నాం కదమ్మా, ఆ అప్పడం కత. బాగా సెప్పేవు."