మా కారుకు వచ్చిన ఉద్యోగం

పెళ్లిచూపుల్లో మా ఆయన కెమిస్ట్రీ లెక్చరరని చెప్పారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే అది ఆయన జీతం తీసుకునే పని. చేసే పని వేరే ఉందని హన్మకొండలో కాపురం పెట్టిన మొదటి వారంలోనే తెలిసింది. కూరగాయలు తెచ్చుకుని ఇంటికొస్తే వాకిట్లో కారు, కారు కింద నుంచి రెండు కాళ్లు. "ఎవరన్న అస్తే నేను ఇంట్ల లేనని చెప్పు" అన్నాయి ఆ కాళ్లు. కాలేజీ ప్రిన్సిపాలు అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆ కారు నాకంటే వయసులో పెద్దది. ఎవరో పాత కాంట్రాక్టరు దగ్గర కొన్నారట. పెద్దది కాబట్టి మర్యాద కూడా నాకంటే ఎక్కువే ఉండేది. దానికి ఎండ తగలకుండా రేకులు వేయించారు. నా వంటింటి కప్పు మాత్రం ప్రతి వానకూ కారుతూ, ఎప్పుడు చెప్పినా "చూద్దాం" అన్న మాటతో తృప్తిపడేది.

ఆదివారం వచ్చిందంటే మరో ముగ్గురు దిగేవారు. ముగ్గురూ చదువుకున్నవాళ్లే, ముగ్గురికీ మంచి ఉద్యోగాలే, ముగ్గురి ఇళ్లలోనూ మా ఇంట్లోలాగే ఒక్కో పాత కారుంది. వాళ్లకు ఒకే ఒక నియమం ఉండేది. మెకానిక్ చెయ్యి బండి మీద పడకూడదు. నిజమే మరి, మెకానిక్ అయితే బాగుచేసి పంపించేస్తాడు. ఇక వచ్చే ఆదివారం ఏం చేయాలి?

వాళ్లలో ఒకాయన పంటి డాక్టరు. చౌరస్తాలో మేడ మీద ఆయన దవాఖాన. రోగుల నోట్లో తొంగిచూసే చిన్న అద్దం, గోకే కొక్కెం, రెండూ ఆదివారం పూట కార్బురేటర్లోకి పోయేవి. సోమవారం పొద్దున మళ్లీ ఎక్కడికి పోయేవో నేను అడగలేదు. నా పన్ను నొచ్చినప్పుడు మాత్రం లవంగంతోనే సరిపెట్టుకున్నాను. ఆయన రోగిని నోరు తెరిపించి కూర్చోబెట్టి, ఇంజనులో రింగులు ఎలా అరుగుతాయో చెప్పేవాడట. కాదనడానికి రోగికి నోరు ఖాళీ ఉండదు కదా.

రెండో ఆయన వకీల్ సాబ్. నన్ను భాభీ అని పిలిచేవారు, నేను ఇచ్చే చాయ్‌ని మా ఆయనకంటే ఎక్కువ మెచ్చుకునేవారు. కోర్టులో వాయిదాలు అడిగి అడిగి ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. ఆయన బండికి బ్రేకులు సరిగ్గా పడవు. బాగుచేద్దామంటే "వచ్చే ఐతారం చూద్దాం భాయ్" అనేవారు. బ్రేకుల కేసు అలా ఏళ్లకేళ్లు నడిచింది. కక్షిదారులు ఆయన్ని వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చేవాళ్లు. ఒక భూమి తగాదాలో ఇరుపక్షాల వాళ్లూ మా వాకిట్లో చెరోవైపు నిలబడి బంపరు ఎత్తిపట్టుకోవడం నేను కళ్లారా చూశాను. తర్వాత ఆ కేసు రాజీ అయింది. అదంతా తన వాదన గొప్పేనని వకీల్ సాబ్ చెప్పుకున్నారు.

మూడో ఆయన కాజీపేటలో గూడ్సు బండి గార్డు. వారమంతా రైలు చివరి డబ్బాలో కూర్చుని, ముందు ఏం జరుగుతోందో తెలియకుండానే ఊళ్లు దాటే మనిషి. అందుకే కాబోలు, కారులో కూడా వెనక సీట్లోనే కూర్చుని చప్పుడును బట్టి రోగం చెప్పేవాడు. ఆయన చెయ్యి ఊపి "రైట్" అనేదాకా బండి కదలకూడదు. అది కూడా వాళ్ల నియమమే.

ఇక మా ఆయన సంగతి. పెట్రోలు మండే సమీకరణం దగ్గర మొదలుపెట్టి వారాల తరబడి ఇంజను గురించే పాఠం చెప్పాడని, మిగతా సిలబస్ ట్యూషన్లకు పోయి నేర్చుకున్నామని ఆయన శిష్యులే నాతో అన్నారు. గర్వంగానే అన్నారు. వాళ్లలో ఒకడు తర్వాత పెట్రోలు బంకు పెట్టాడు కాబట్టి చదువు వృథా పోలేదు.

ఈ నలుగురినీ ఏళ్లపాటు కలిపి ఉంచింది ఒక చప్పుడు. మా కారు కదిలితే వెనక నుంచి టకటకమని మోగేది. స్ప్రింగు పట్టీ అని మా ఆయన, చక్రంలో బేరింగని డాక్టరు, పైపు తగులుతోందని గార్డు. వకీల్ సాబ్ మాత్రం సాక్ష్యం చాలదని ఎవరి పక్షమూ తీసుకోలేదు. ప్రతి ఆదివారం ఏదో ఒకటి విప్పేవారు, చూసేవారు, బిగించేవారు. చప్పుడు చెక్కుచెదరలేదు. దొరక్కపోతే బాధపడతారేమోనని మొదట్లో జాలిపడ్డాను. దొరికితేనే బాధపడతారని నిదానంగా అర్థమైంది.

ఆ రోజుల్లో నేను హసన్‌పర్తిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. బి.ఇడి. చేసి సర్కారు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఉన్నాను. పిల్లలింకా లేరు. బడిలో ఇచ్చేదాంట్లో నా బస్సు ఖర్చులు పోను పెద్దగా ఏమీ మిగిలేది కాదు. అదైనా పరవాలేదు గానీ, యజమాని తమ్ముడు తరగతిలోకి వచ్చి "ఇంకా ఈ లెక్కనే చెప్తాన్నవా టీచరమ్మా" అని పిల్లల ముందు అన్నప్పుడల్లా ఒళ్లు మండేది. నా పేరు మీద ఒక ఉత్తర్వు రావాలి, నన్ను ఎవరూ తీసెయ్యలేని ఒక కుర్చీ ఉండాలి. అంతకుమించి ఏ కోరికా లేదు నాకు.

వచ్చింది. తొర్రూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. కాగితం చేత్తో పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాను. మా ఆయన బానెట్ కింద నుంచి తలెత్తి విన్నాడు. మనస్ఫూర్తిగా సంతోషపడ్డాడు. "తొర్రూరా? మంచి రోడ్డు. రోజూ పొద్దుగాల దింపి, పొద్దుమీకి తోలుకస్త. బండికి మంచి రన్నింగ్ దొరుకుతది" అన్నాడు. పూటంతా నేనూ సంతోషంగానే ఉన్నాను. రాత్రి అన్నం తింటుంటే బండికి రన్నింగన్న ఆ చివరి మాట అన్నంలో రాయిలా తగిలింది.

రోజూ అంత దూరం పోయి రావడం కుదరదని, అక్కడే గది చూసుకుంటానని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆయన తల బానెట్ లోపలే ఉంది. రెండుసార్లూ "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" నాకో స్పానరుకో తేల్చుకోలేక, నాకే అనుకున్నాను.

చేరడానికి గడువు ఉంది కానీ, దూరప్రయాణానికి ఇంజను సిద్ధం కావాలి కదా. విప్పారు. రోజులు గడుస్తున్నాయి, ఇంజను ముక్కలు మాత్రం గోనెపట్టా మీద ఎండుతున్నాయి. బస్సులో పోతానంటే మా ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కారున్న ఇంట్లోంచి ఆడమనిషి బస్సెక్కిపోయి ఉద్యోగంలో చేరితే నలుగురిలో తలెత్తుకోలేడట. నలుగురంటే ఎవరో కాదు, ఆ ముగ్గురూ ఆయనా.

చివరికి గడువులో ఆఖరి రోజు వచ్చింది. ఆ రోజు సాయంత్రం బడి మూసేలోగా చేరకపోతే ఉత్తర్వు చెల్లదు. పొద్దున్నే ముగ్గురూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. నన్ను సాగనంపడానికని నేను పొంగిపోయాను. కొత్త రింగులతో బండి ఎలా లాగుతుందో చూడడానికట. చీరలు, గిన్నెలు, స్టవ్వు సర్దుకున్న నా రేకు పెట్టె డిక్కీలో పట్టలేదు. మూత దాని మీదికి దించి తాడుతో గట్టిగా బిగించి కట్టారు. పెట్టెలో ఏముందని ఎవరూ అడగలేదు. "మంచిదే, ఎనక బరువుంటే బండి కుదురుగ కూసుంటది" అన్నాడు మా ఆయన.

ముందు సీట్లో మా ఆయన, డాక్టరు, వకీల్ సాబ్, వెనక ఒక కిటికీ దగ్గర నేను, ఇంకో కిటికీ దగ్గర గార్డు. మధ్యలో పనిముట్ల డబ్బా. బండి సాఫీగా పోయింది. పొలాలు, తాటిచెట్లు, చల్లగాలి. సంచిలో ఉత్తర్వు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. వర్ధన్నపేట దాటాక గార్డు చెయ్యెత్తి "ఆపుండ్రి" అన్నాడు.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన, బండి ఆపుతూ.

"సప్పుడు ఇనస్తలేదు."

అందరూ చెవులు రిక్కించారు. కొంచెం ముందుకు నడిపి చూశారు. నిజంగానే లేదు. నలుగురి ముఖాల్లోనూ రక్తం లేదు. ఇన్నేళ్లు మోగింది ఉన్నట్టుండి మోగడం మానేసిందంటే లోపల ఏదో విరిగి పడిపోయి ఉండాలన్నాడు డాక్టరు. అలాగే పోతే చక్రం ఊడుతుందన్నాడు మా ఆయన. ఇస్త్రీ చొక్కాల చేతులు మడిచారు.

"డిక్కీ మూతకు తాడు కట్టిండ్రు గద, అందుకే కావచ్చు" అన్నాను.

గార్డు నా వైపు జాలిగా చూశాడు. "అంత అల్కగ ఉండదు వదినె" అన్నాడు.

జాకీ వేశారు. ఒక చక్రం ఊడింది, తర్వాత రెండోది. తుమ్మచెట్టు నీడలో నేను నిలబడ్డాను. ఎండ నడినెత్తికొచ్చి, అక్కడి నుంచి వాలడం మొదలుపెట్టింది. అడిగినప్పుడల్లా పది నిమిషాలు అన్నారు. తిప్పి తిప్పి అదే పది నిమిషాలు. "బడి మూస్తరు. ఇయ్యాల చేరకుంటె నౌకరి పోతది" అన్నాను ఈసారి గట్టిగానే.

వకీల్ సాబ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఫికర్ జేయకుండ్రి భాభీ. రేపు చేరుండ్రి. నేను మంచిగ దరఖాస్తు రాసిస్త, ఒక్క రోజుకు ఎవ్వలేమంటరు?" అన్నారు. పాపం, ఆయనకు చేతనైన సహాయం అదే. నా ఉద్యోగానికి కూడా వాయిదా అడిగారు. అప్పుడు నాకు వచ్చిన కోపానికి ఆ జాకీని ఒక్క తన్ను తంతే బాగుండేది, కింద మా ఆయన లేకపోతే.

దూరంగా బస్సు కనిపించింది. రోడ్డు మధ్యకు పోయి చెయ్యెత్తాను. "నేను పోతాన్న" అన్నాను కారు కిందికి వంగి. "ఊఁ" అన్నాయి కాళ్లు.

బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ, "కారు ఖరాబైందా అక్కా?" అన్నాడు.

"లేదు తమ్మీ, మంచిగైంది" అన్నాను.

బస్సు రాయపర్తి దాటుతుంటే కన్నీళ్లు ఆగలేదు. ఆయనకు నేను ఉద్యోగం చేయడం ఇష్టం లేక కావాలని ఆపాడేమో అనుకుని చూశాను. అలా అయితే ఎంత బాగుండేది. పోట్లాడేదాన్ని, గెలిచేదాన్నో ఓడేదాన్నో. కానీ ఆయనకు ఇష్టమే. మనిషి మంచివాడే. నన్ను ఆపాలని కూడా ఆయనకు తోచలేదు. నేను గుర్తు లేను, అంతే.

బడి చేరేసరికి ఆఖరి గంట కొట్టడానికి అటెండరు లేచి నిలబడి ఉన్నాడు. హెడ్మాస్టరు పెద్దాయన. కళ్లద్దాలు తుడుచుకుంటూ "ఇగ రావేమో అనుకున్నమమ్మా" అని రిజిస్టరు నా వైపు తిప్పాడు. సంతకం చేశాను. లెక్కల టీచరు కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉంది. అందులో కూర్చుని ఒక గ్లాసు నీళ్లు తాగాను. అంత చల్లటి నీళ్లు మళ్లీ తాగలేదు.

అటెండరే బడి వెనక ఒక ముసలావిడ ఇంట్లో గది చూపించాడు. ఊళ్లో అందరూ ఆమెను పిన్ని అన్నట్టు ఖాలా అనేవాళ్లు. "సామానేది బిడ్డా?" అందామె. వెనక వస్తోందన్నాను. నిజంగానే, పొద్దు వాలాక వీధి చివర నుంచి వచ్చింది. ముందు టకటకమన్న చప్పుడు, తర్వాత కారు.

పెట్టె నేను కూర్చున్న చోట వెనక సీట్లో ఉంది. డిక్కీ మూత ఏ తాడూ లేకుండా హాయిగా ఎగిరిపడుతోంది. నలుగురూ నల్లగా, ఆనందంగా ఉన్నారు. "ఏం దొరకలే గని, అన్నీ ఇప్పి బిగిస్తె సప్పుడు మళ్లచ్చింది. ఇగ ఏం భయం లేదు" అన్నాడు మా ఆయన. చేరావా అని అడిగింది డాక్టరొక్కడే. చేరానని చెప్పాను.

"ఇగ నడువు. చీకటైతాంది. పొద్దుగాల మళ్ల రావాలె" అన్నాడు మా ఆయన.

"పెట్టె దించుండ్రి. నేను ఈడనే ఉంటాన్న. సెలవులకు బస్సుల అస్త."

మిగతా ముగ్గురికీ ఒక్కసారిగా బానెట్ తెరవాల్సిన పని గుర్తొచ్చింది. మా ఆయన నా వైపు, ఖాలా గది వైపు, పెట్టె వైపు చూశాడు.

"రోజూ దింపుతనంటి గద."

"మీరు కారుకు ఉద్యోగం అచ్చిందనుకున్నరు. కాయితం నా పేరు మీద అచ్చింది" అన్నాను.

ఇన్నేళ్లలో ఆయన నా మాట పూర్తిగా వినడం అదే మొదటిసారని ముఖం చూస్తే తెలిసింది. ఎప్పుడూ లేనంత మెల్లగా, "మరి ఇంట్ల నేనొక్కన్నే ఉండాల్నా?" అన్నాడు. ఆ గొంతు విని నాకు నిజంగానే జాలేసింది. ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే ఎన్ని ఆదివారాలు ఉన్నానో కూడా గుర్తొచ్చింది.

"ఒక్కరెందుకు, కారున్నది గద" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను, చేతకాలేదు.