బార్తోల్ బావ తుపాకీ టార్చి

మా బార్తోల్ బావను తుపాకీకి టార్చి ఎక్కడ బిగించాలో మాత్రం చెప్పకుండా దేవుడు భూమ్మీదికి తోసేశాడు. ఆ ఒక్కటీ తేల్చుకుని పోదామన్నట్టు బతికేవాడు మనిషి. తనదే కాదు, ఎవరి తుపాకీ కనబడినా ముందు టార్చి వంక చూసేవాడు, నాలుక చప్పరించేవాడు, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసేవాడు.

బావంటే మా రెజికా అక్క మొగుడు. నేను మా ఊరి వేటగాళ్ళ సంఘంలో వంటమనిషిని. ముప్పైమంది సభ్యులు. ఆదివారం ఆదివారం ఎర్రటి మిరపపొడి పోసి మాంసం పులుసు కాస్తాను, వాళ్ళు తింటూ అబద్ధాలు చెప్పుకుంటారు. మొక్కజొన్న పాలు పోసుకునే రోజులొస్తే ద్రావా నది ఒడ్డు నుంచి అడవిపందులు పెళ్ళివారిలా దిగుతాయి. మావాళ్ళు వంతులేసుకుని మంచెలెక్కుతారు. చీకట్లో కదిలేది పందో, పక్కింటివాడి దూడో తేల్చుకోకుండా కాల్చకూడదు. అందుకే తుపాకీకి టార్చి. అది ఎక్కడుండాలన్నదే పేచీ.

"దొరికింది యాన్యా! ఇదే చోటు. ఇంక చచ్చినా మార్చను," అంటూ వచ్చేవాడు బావ.

"పోయిన ఆదివారం కూడా ఇదే మాటన్నావుగా?"

"పోయిన ఆదివారం నేను వెర్రివాణ్ణి."

ఒకసారి గొట్టం కింద బిగించాడు. మంచె మీద అడ్డకర్రకు తుపాకీ ఆనించేసరికి టార్చి ఆ కర్రకే అతుక్కుపోయి, వెలుగంతా దానిమీదే పడింది. పందులు తీరిగ్గా అరెకరం మేసి వెళ్ళాయి.

"ఏం కనబడింది బావా?"

"కర్రకు చెదలు పట్టింది. నేను గనక చూశాను. లేకపోతే ఏదో రోజు మంచె కూలి ఎవడో చచ్చేవాడు."

ఇంకోసారి తుపాకీ మీద గురిచూసే దుర్భిణీ నెత్తిన పెట్టాడు. చలికి తన ఊపిరే తెల్లటి ఆవిరై, ఆ వెలుగులో కళ్ళముందు గోడలా లేచి నిలబడింది. పంది సంగతి సరే, తుపాకీ కొస కూడా కనబళ్ళేదు. "వెల్లుల్లి తగ్గించమన్నానా లేదా?" అంది అక్క. ఆ తర్వాత కుడిపక్కకు మార్చాడు. తెల్లారకముందే తుపాకీ వీపుకు తగిలించుకుని వీధిలో నడుస్తుంటే మీట కోటుకు నొక్కుకుపోయింది. వెలుగు తిన్నగా చర్చి గంటగోపురం మీద పడి, పావురాలన్నీ పొద్దుపొడిచిందని లేచి గోల పెట్టాయి. పాదిరిగారు నిద్ర కళ్ళతో కిటికీ తెరిచి, "బార్తోల్, కోడి చేసే పని కోడికి వదిలెయ్యి నాయనా," అన్నారు.

తుపాకీని నేను వంటింట్లోకి రానివ్వను. సంఘం రూలు కాదు, నా రూలు. దాంతో బావ నా పెద్దగరిటెకు టార్చి కట్టి గురిచూసేవాడు. కుండలో మాంసం ఎంత ఉడికిందో ఎప్పుడూ అంత స్పష్టంగా చూడలేదు నేను.

"పెళ్ళయిన కొత్తలో మంచం కిటికీ పక్కకు జరపమన్నాను," అనేది అక్క అందరి ముందూ. "ఇరవై తొమ్మిదేళ్ళయింది. అంగుళం జరపలేదు. ఆ టార్చికి మాత్రం వారానికో ఊరు చూపిస్తున్నాడు."

ఇది ఎప్పుడూ ఉన్న పిచ్చే. కానీ ఆ ఏడు బాగా ముదిరింది.

ఆ ఏడే యోసో మామకు పక్షవాతం వచ్చింది. ఇటుక బట్టీలో పనిచేసి రిటైరైన మనిషి, సంఘంలో అందరికంటే పాతకాపు. కాలూ మాటా తిరిగొచ్చాయి గానీ, ఎడమచెయ్యి మాత్రం అరువు తెచ్చుకున్నదానిలా వేలాడుతూ ఉండిపోయింది. తుపాకీని అడ్డకర్రకు ఆనించి కుడిచేత్తో కాల్చగలడు. టార్చి మీట మాత్రం గొట్టం పక్కన, ఎడమచెయ్యి ఉండేచోట ఉంటుంది. అదే చిక్కు.

సంఘం పెద్ద స్టీపాన్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. "వెలుగు వెయ్యలేనివాణ్ణి మంచె ఎక్కిస్తే, రేపు దూడ చచ్చినా మనిషి చచ్చినా నా మెడకే కదా," అన్నాడు. జులై మొదటి ఆదివారం అందరికీ పరీక్ష అని చాటించాడు. పాత కొట్టంలో తలుపులు మూసేసి, ఖాళీ తుపాకీతో, మూడు లెక్కపెట్టేలోపు అట్టపంది మీద వెలుగు పడాలి. పడకపోతే మంచె దిగిపోవాలి.

పక్కన కూర్చుని మీట నొక్కుతానని ఒకాయన మంచిమనసుతో యోసో మామ ఇంటికి వెళ్ళాడు. "నాకు ముక్కు తుడవడానికి కూడా మనిషిని పెడతావా?" అని ఆయన ముఖాన తలుపేశాడు మామ. నా దగ్గర మాత్రం ఒకరోజు బయటపడ్డాడు.

"నలభై రెండేళ్ళుగా మంచె ఎక్కుతున్నానే యాన్యా. ఇప్పుడు దింపేస్తే పొద్దస్తమానం మీ అత్తతో కూర్చుని టర్కీ సీరియళ్ళు చూడాలి. అందులో ఒక్కడూ తొందరగా చావడు."

నవ్వి, ఆయన గిన్నెలో ఇంకో గరిటె పులుసు పోశాను.

సరిగ్గా అప్పుడే మన బావకు పూనకం వచ్చింది. పరీక్ష ఇంకా రెండు వారాలుందనగా సంఘం బల్లెక్కి నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ అందరం గాడిదలం! టార్చి గొట్టానికి ఎడమపక్క, కాస్త పైకి. మీట మాత్రం అక్కడ కాదు. తీగ లాగి పిడి దగ్గర, కుడి బొటనవేలి కింద. తుపాకులు తీసుకురండి!"

"నాది బాగానే ఉంది బాబోయ్," అన్నాడు స్టీపాన్.

"నీది బాగుందా? తలుపుకి గడియ చూరులో పెట్టుకున్నట్టుంది. ఇటివ్వు!"

తగువు పడలేక ఇచ్చాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఇచ్చారు. ఇవ్వనివాళ్ళ ఇళ్ళకు బావే వెళ్ళాడు. భోజనాల వేళకు వెళ్ళి, తుపాకీ చేతికొచ్చేదాకా లేచేవాడు కాదు. బావ తిండి తెలిసిన ఆడవాళ్ళు మొగుళ్ళను తొందరపెట్టారు. రెండు వారాల్లో ముప్పై తుపాకులకూ టార్చి ఒకేచోట, మీట ఒకేచోట. యోసో మామ తుపాకీకి కూడా. "అందరిదీ చేశాక నాదొక్కటే వదుల్తాడా దరిద్రుడు," అని సణుక్కుంటూనే ఇచ్చాడట మామ.

పరీక్షరోజు కొట్టంలో నవ్వులే నవ్వులు. ఇరవై ఏళ్ళుగా ఎడమచేత్తో నొక్కిన అలవాటు ఎక్కడికి పోతుంది? ఒకడు లేని మీటకోసం గొట్టమంతా తడిమాడు. ఇంకొకడు వెలిగించి, అట్టపందిని వదిలేసి స్టీపాన్ బొజ్జమీద వేశాడు. స్టీపాన్‌కే నాలుగు లెక్కపెట్టేదాకా వెలగలేదు. "మూడున్నర!" అని తనే తీర్పు చెప్పుకున్నాడు.

యోసో మామ వంతొచ్చింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నా. ఆయన తుపాకీ ఆనించాడు. "ఒకటి" అన్న మాట స్టీపాన్ నోట్లో ఇంకా పూర్తికాలేదు, పంది రెండు కళ్ళ మధ్యా తెల్లగా వెలుగు.

కొట్టం మొత్తం పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది.

నా పక్కనే నిలబడి చూస్తున్న అక్క వైపు తిరిగాను. అక్క కళ్ళు తుడుచుకుంటోంది.

"మూడునెల్లనించీ మీ బావ నా తలగుడ్డతో ఎడమచెయ్యి నడుముకు కట్టేసుకుని షెడ్డులో కూర్చునేవాడే. ఒక్క చేత్తో ఎక్కడ పెడితే అందుతుందో చూస్తున్నాడు. ఎవరికన్నా చెప్తే ఊరుకోనన్నాడు. స్క్రూలు కూడా ఒక్కచేత్తోనే బిగించాడు, పిచ్చిమారాజు."

వెళ్ళి బావను పట్టుకున్నాను. "మామ ఒక్కడి తుపాకీకి మారిస్తే సరిపోయేదిగా? ముప్పైమందిని ఎందుకేడిపించావ్?"

బావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక్కడిదానికి పెడితే అది చెయ్యిపడిపోయినవాడి తుపాకీ. అందరిదానికీ పెడితే అది పద్ధతి. నోర్మూసుకుని పులుసు చూడు, మాడుతోంది."

పులుసేం మాడలేదు. నేను వెళ్ళి చూసొచ్చేసరికి కొట్టం బయట బల్లదగ్గర యోసో మామ చుట్టూ జనం మూగి ఉన్నారు. బొటనవేలు ఎలా వంచాలో నేర్పమని బతిమాలుతున్నారు. స్టీపాన్ కూడా వరసలో ఉన్నాడు. అందరికంటే ముందు మన బావ ఖాళీ తుపాకీ పట్టుకుని, కావాలని చూపుడువేలితో మీట వెతుకుతున్నాడు.

"అది కాదురా మొద్దూ! బొటనవేలు! ఇలా!" అని గద్దిస్తున్నాడు మామ. "బిగించడం వచ్చుగానీ నొక్కడం రాదు నీకు."

"ఇంకొక్కసారి చూపించు మామా," అన్నాడు బావ బుద్ధిగా. "నాకు కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది."