మా బాపు అధ్యక్షుడైన సంఘం

చిన్నీ, పెన్ను సరిగ్గా పట్టుకో, ఈ అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నవ్వి ఆపేశావంటే మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక నాకు లేదు. చదివేవాళ్లు కూడా కాస్త సర్దుకుని కూర్చోండి. పద్నాలుగేళ్ల వయసులో నేను ఒక్క ఉత్తరం రాసి, గోదావరిఖనిలో మా బొగ్గుబాయి క్వార్టర్ల వరుస మొత్తాన్ని ఒక మధ్యాహ్నం పాటు పరాయి దేశపు నియంత కిందికి తోసేశాను. సైన్యం అక్కర్లేకపోయింది. ఒక కవరు, అట్టలంటించే లై కాస్త చాలాయి.

ఆ దేశం పేరు చెప్పను. లోపలివాళ్లు బయటికి రారు, బయటివాళ్లను లోపలికి రానివ్వరు, అలాంటి దేశం. ఇన్నేళ్లకు కూడా భయమేమిటి అంటారా? ఉంది. ఏం చేయమంటారు?

గొడవంతా పుస్తకాల అట్టలతో మొదలైంది. డెబ్బైల్లో మా బడిలో ఎవరికెన్ని మార్కులో ఎవరూ అడిగేవారు కాదు, ఎవరి పుస్తకానికి ఏ అట్ట ఉందో చూసేవారు. పాత పేపరు అట్ట వేసుకున్న పిల్ల తలొంచుకుని నడిచేది. విదేశీ పత్రికల నున్నటి రంగుల కాగితం అట్ట వేసుకున్న పిల్ల, కొత్త చీర కట్టిన పెళ్లికూతురిలా పుస్తకాలను గుండెకు హత్తుకుని నడిచేది. నాది పేపరు అట్ట.

ఒకరోజు మా సోషల్ మాస్టారు రహీం సార్ ఆ దేశపు పత్రిక ఒకటి క్లాసుకు తెచ్చి బొమ్మలు చూపించారు. అందులో అందరూ నవ్వుతూనే ఉన్నారు. గోధుమ కోసేవాళ్లు నవ్వుతున్నారు, పన్ను పీకించుకుంటున్నవాడు కూడా నవ్వుతున్నాడు. ప్రతి రెండో పేజీలో వాళ్ల నాయకుడు, గుండ్రటి ముఖంతో, ఎటో చూపిస్తూ. చివరి పేజీలో పాఠకుల ఉత్తరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఉత్తరం రాస్తే ఢిల్లీలోని వాళ్ల ఆఫీసునుంచి పత్రికలు ఊరికే పంపుతారని సార్ నోరు జారారు.

నాకు ఇంగ్లీషు ఎంత వచ్చంటే, సెలవు చీటీ అచ్చంగా దించి రాయడం వచ్చు. పుస్తకంలో ఉన్న చీటీలో పేరు మార్చి రాస్తే సెలవు దొరికేది కదా? ఇదీ అలాగే అనుకున్నాను. పక్కన బొగ్గుబాయి టోపీలవాళ్ల ఫొటో ఉన్న, అన్నిటికంటే పొడవైన ఉత్తరాన్ని ఎంచుకుని, ఒక్క ముక్కా అర్థం చేసుకోకుండా దించేశాను. ఊరి పేరు దగ్గర మా ఊరు, కింద సంతకం దగ్గర మా బాపు పేరు, అంటే నాన్న పేరు, రాజమల్లు, క్వార్టర్ నంబరుతో సహా.

మూడు వారాలకు నలభై పత్రికల కట్ట దిగింది. చిన్నీ, ఆ రోజు నా దర్జా నువ్వు చూడలేదు! క్లాసందరికీ పంచాను. బియ్యప్పిండి లై ఉడికించి అందరం అట్టలు వేసుకున్నాం. నాయకుడి ముఖం సరిగ్గా మడతలోకి వచ్చేది. ముందువైపు ఒక కన్ను, వెనకవైపు ఒక కన్ను. కొందరు మీసాలు దిద్దారు. లెక్కలు రాని ఒక పిల్ల కొమ్ములు కూడా పెట్టింది.

ఆ తర్వాత వారం ఢిల్లీనుంచి టైపు కొట్టిన ఉత్తరం ఒకటి వచ్చింది. సార్ దగ్గరికి తీసుకెళ్లాను. చదువుతుంటే ఆయన కళ్లద్దాలు ముక్కు కొసకు జారాయి.

"సమ్మక్కా, నువ్వేం రాసినవ్ బేటీ వీళ్లకు?"

"అట్టలు కావాలని రాసిన సార్."

"అట్టలా! బొగ్గుబాయిల పనిచేసే నలభైమందిమి సంఘం పెట్టుకున్నం, రోజూ షిఫ్టు దిగినంక మీ నాయకుని మాటలు చదువుకొని ఆనందంతోని ఏడుస్తున్నం అని రాసినవట. సంఘం అధ్యక్షుడు రాజమల్లట! ఆ ఏడ్సుడు చూడనీకి వచ్చే ఆదివారం నాలుగింటికి ఇద్దరు వస్తున్నరు."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. కూర్చోబెట్టి ఆ దేశం సంగతి చెప్పారు. అక్కడ రేడియోకు ఒకే స్టేషనట, మార్చే వీలు లేకుండా బిగించేస్తారట. ప్రతి ఇంట్లో నాయకుడి పటం ఉండాలట. పక్కింటివాడు ఏమన్నాడో పక్కింటివాడే పోయి చెప్తాడట. చప్పట్లు ముందుగా ఆపినవాడి పేరు రాసుకుంటారట.

"నాయకుని ముఖం మీద పేపరు మడత పడ్డా జైలే బేటీ," అన్నారు చివరికి.

మా క్లాసు అట్టలు గుర్తుకొచ్చాయి. నలభై పుస్తకాలు, నలభై ముక్కులు, అన్నీ మడతే.

బాపుకు చెప్పక తప్పలేదు. అప్పుడాయనకు బాయిలో సర్దారు పని రావాల్సి ఉంది, అంటే ఒక జట్టు మీద పెద్ద. కాగితం మేనేజరు బల్లమీద ఉంది, సంతకం ఒక్కటే మిగిలింది.

"ఎవలనడిగి పెట్టినవే నన్ను అధ్యక్షుణ్ణి?"

"బాపూ, తెల్వక..."

"వాళ్లు పోయి ఢిల్లీల చెప్తరు, రాజమల్లు దొంగసంఘం పెట్టిండని. ఢిల్లీ వాళ్లు కంపెనీకి చెప్తరు. సంతకం మాట దేవుడెరుగు, ఉన్న డ్యూటీ కూడ పోతది!"

పక్క క్వార్టరు మొగిలి కాక గోడమీదినుంచి తల పెట్టాడు. "అన్నా, ఫికర్ జెయ్యకు. నలభైమందే గదా? కూసొని ఏడ్వాలె గంతేగదా? మా ఇంటిది రోజు ఏడిపిస్తనే ఉన్నది."

వారమంతా నాకు అదే పని. ఇంటింటికీ తిరిగి పుస్తకాలు పోగుచేశాను. అట్టలు చింపబోతే నా లై ఎంత గట్టిదంటే పుస్తకమే చిరిగేది. చివరికి అన్నిటినీ గోనెసంచిలో కుక్కి మొగిలి కాక ఇంట్లో దాచాం. గోడకు తగిలించడానికి మడతపడని ముఖం ఒక్కటే దొరికింది. మా అవ్వ, అంటే అమ్మ, దాన్ని అప్పటికే మామిడికాయ తొక్కు జాడీ మీద మూతగా వేసింది. ఛాతీ మీద నూనె మరక గుండ్రంగా, పతకంలా మెరుస్తోంది. అదే తగిలించాం.

ఆదివారం మూడింటికి సార్ మా వరుసలోని నలభైమందిని మా వాకిట్లో చాపల మీద కూర్చోబెట్టి తాలీము ఇచ్చారు.

"నేను చప్పట్లు కొడితె కొట్టాలె, ఆపితె ఆపాలె. నేను నవ్వితె అందరు నవ్వాలె. అడగంది ఎవలు మాట్లాడొద్దు."

"దగ్గు వస్తెనో సార్?" మొగిలి కాక అడిగాడు.

"అందరు దగ్గుండ్రి!"

నాలుగింటికి జీపు ఆగింది. ఇద్దరు దిగారు. పొడుగాయన ఇంగ్లీషు మాట్లాడతాడు. పొట్టాయన అసలు మాట్లాడడు, చూస్తాడు, రాస్తాడు. పొడుగాయన ఏ మాట అన్నా ముందు పొట్టాయన పెన్ను వైపు ఒకసారి చూసి అంటున్నాడు. అది నేను గమనించాను. భయపడేవాళ్లకు భయపడేవాళ్లు తొందరగా కనిపిస్తారు.

అధ్యక్షుణ్ణి మాట్లాడమన్నారు. బాపు లేచి చేతులు జోడించాడు. "అయ్యా, మా పిల్ల బుద్ధిలేక రాసింది. మాపు జెయ్యుండ్రి. మా డ్యూటీలు తియ్యకుండ్రి."

సార్ గొంతు సవరించుకుని ఇంగ్లీషులోకి మార్చారు. తర్వాత అడిగితే, "మీ నాయకుని గొప్పతనం చెప్పనీకి మాటలు చాలుతలేవు అన్నడని చెప్పిన," అన్నారు. బాపు కళ్లలో నిజంగానే నీళ్లు. పొట్టాయన సంతోషంగా రాసుకున్నాడు.

ఇక్కడిదాకా బాగుంది. అప్పుడు పొట్టాయన కాగితాలు అయిపోయాయి. సభ్యుల పేర్లు రాసుకోవడానికి కాగితం కావాలని సైగ చేశాడు. మొగిలి కాక మర్యాదస్తుడు. నేను వద్దు వద్దని కళ్లతో మొత్తుకుంటున్నా, ఇంట్లోకి ఉరికి గోనెసంచిలో చెయ్యి పెట్టి, తగిలిన నోటుబుక్కు తెచ్చి పొడుగాయన చేతిలో పెట్టాడు.

ఉన్న నలభైలో అది కొమ్ముల పుస్తకం.

పొడుగాయన చూశాడు. ముఖంలో రక్తం లేదు, సున్నం కొట్టిన గోడలా అయిపోయాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. పొట్టాయన ఇటు తిరిగే లోపల ఆ పుస్తకాన్ని కుర్చీలో పెట్టి, దాని మీద కూర్చున్నాడు!

అయ్యో నాయనా! ముఖం మడిస్తేనే జైలైతే, ముఖం మీద కూర్చుంటే ఏం చేస్తారు? ఆ సంగతి ఆయనకు కూడా అప్పుడే తట్టినట్టుంది. చెమట కాలర్లోకి కారుతోంది. లేవలేడు, కూర్చోలేడు.

సరిగ్గా అప్పుడే పొట్టాయన కాగితం సంగతి పక్కనపెట్టి, లేచి నిలబడి పటం వైపు తిరిగి చప్పట్లు మొదలుపెట్టాడు. సార్ లేవబోయారు. అందరూ లేవబోయారు. పొడుగాయన ఒక్కడే కుర్చీకి అతుక్కుని, రెండు చేతులతో చప్పట్లు కొడుతూ, నావైపు చూశాడు. నాకు ఆ చూపు తెలుసు. వారం రోజులుగా అద్దంలో చూస్తున్నదే.

"బాపూ," అన్నాను, "ఆయన బుక్కు మీద కూసున్నడు. కొమ్ములది."

బాపు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో డ్యూటీ, సంతకం, అన్నీ ఆయన ముఖం మీద కదిలిపోయాయి. తర్వాత బాయిలో వినిపించే గొంతుతో అరిచాడు: "ఎవలు లేవొద్దు! కూసొనే కొట్టుండ్రి! మన దిక్కు పెద్దోళ్లకు కూసొనే చప్పట్లు కొడతరు!"

సార్ వెంటనే ఇంగ్లీషులో అందుకున్నారు, ఇది ఈ ప్రాంతపు పాత ఆచారమని. నలభైమంది ధడేలున కూలబడ్డారు. పొట్టాయన అటూ ఇటూ చూసి, ఆచారాన్ని కాదనలేక తను కూడా కూర్చుని కొట్టాడు. ఎవరు ముందు ఆపాలో ఎవరికీ తెలియదు. అరచేతులు మండిపోయాయి. షిఫ్టు సైరను కూత పెట్టి ఉంటే కూడా మాకు వినిపించేది కాదు.

చప్పట్లు ఎలాగో సద్దుమణిగాక నేను చాయ్ పళ్లెం పట్టుకుని పొడుగాయన దగ్గరికి వెళ్లాను. ఆయన గ్లాసు అందుకోవడానికి అన్నట్టు వేలెడంత లేచాడు. పళ్లెం కిందినుంచి చెయ్యి పెట్టి పుస్తకం లాగేశాను. పరికిణీలో దోపుకున్నాను. చాయ్ సగం ఆయన బూట్ల మీదే పోసేశాను. ఆయన పెదవులు కదిపి థాంక్స్ అన్నాడు, గొంతు లేకుండా.

జీపు కదిలింది. దుమ్ము అణిగింది. వాళ్లు వంతెన వైపు మలుపు తిరిగాక కూడా ఒక్కరూ మెదల్లేదు. నలభైమంది చాపల మీద నోళ్లు కుట్టేసినట్టు కూర్చున్నారు, పక్కవాణ్ణి కూడా చూడకుండా.

చాలాసేపటికి మొగిలి కాక గుసగుసగా అడిగాడు. "రాజమల్లన్నా... ఇగ మాట్లాడొచ్చానే?"

"మాట్లాడుండ్రి," అన్నాడు బాపు.

అంతే. నలభైమంది ఒక్కసారే లేచి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. ఒకరి తిట్టు ఒకరిది కాదు, ఎవరి తిట్టు వాళ్లదే, ఎవరి గొంతు వాళ్లదే. మధ్యలో బాపు తిట్టు అందరికంటే పెద్దది. నా చెవులకు అంత కమ్మటి చప్పుడు మళ్లీ ఎప్పుడూ వినపడలేదు.

కాబట్టి చిన్నీ, పెద్ద అక్షరాలతో రాయి. గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నాకు అర్థం కాని కాగితం కింద, నాది కాని పేరు, ఇక ఈ జన్మలో రాయను. కన్నతండ్రిని ఏ సంఘానికీ అధ్యక్షుణ్ణి చేయను. నన్ను తిట్టడానికి ఎవరైనా నోరు తెరిస్తే, పూర్తిగా తిట్టేదాకా అడ్డం రాను.