ముందుగా వెళ్ళి నిలబడిన మనిషి

పక్కింట్లో ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నారు. ఆ వాసన గోడ దాటి వచ్చిందంటే నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టేస్తాను. కొందరికి అది ఆకలి పుట్టిస్తుంది, కొందరు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ముత్తుకూరు బయట ఉప్పు పండించే కొఠార్ల పక్కన ఒక తాటాకుల ఇల్లు, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని నా వైపు తిరిగి చూస్తున్న ఒక పెద్దాయన కనిపిస్తారు. ఆయన పేరు ఏసురత్నం. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. జైలు నుంచి విడుదలైనవాళ్ళను తీసుకొచ్చి మళ్ళీ మనుషుల మధ్య నిలబెట్టడం ఆయన నెత్తిన వేసుకున్న పని. అలా నిలబడ్డవాళ్ళలో నేనొకణ్ణి.

నేను చేసింది ముందే చెప్పాలి. అల్లూరు వైపు ఒక పల్లెలో మాకు కొద్దిగా మాగాణి ఉండేది. పైరుకు నీళ్ళు చాలని రోజుల్లో ఒక మధ్యాహ్నం, కాలవ గట్టు మీద నీళ్ళ వంతు కోసం పక్క చేని రమణయ్యతో మాటా మాటా పెరిగింది. నా చేతిలో పార ఉంది. రమణయ్య నాకంటే రెండేళ్ళు చిన్న. పెంచలమ్మకు ఒక్కడే కొడుకు. నాకు ఏడేళ్ళ శిక్ష పడింది.

పంతొమ్మిదివందల యాభైల చివర ఒక పొద్దున నన్ను వదిలిపెట్టారు. అన్న వస్తాడనుకున్నాను, రాలేదు. గేటు బయట ఒక సన్నటి మనిషి పాత గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. “చెంచయ్య గారేనా?” అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఏడేళ్ళుగా నా పేరుకు గారు తగిలించినవాళ్ళు లేరు. ఇంకెవరినో పిలుస్తున్నారనుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి, “మీ అన్నకు జాబు రాసినా. జవాబు రాలా. మా ఇంటికి పోదాం రా అబ్బయ్యా” అన్నారు. అంతే. ఎక్కడికి, ఎందుకు అని నేనడగలేదు. జైల్లో అడిగే అలవాటు పోతుంది.

రత్నం గారు మిషను ఆసుపత్రిలో వార్డు పని చేసి మానుకున్నారు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆదివారాలు జైల్లోకి వెళ్ళి ప్రార్థన చేయించేవారట. “లోపల పాటలు పాడి వచ్చేవాణ్ణి. ఒకరోజు గేటు కాడ ఒకణ్ణి వదిలిపెట్టినారు. వాడు ఏ పక్కకు తిరగాల్నో తెలీక ఎండలో అట్టనే నిలబడుండాడు. లోపల వాళ్ళకు దేవుడి మాట చెప్పినాను గానీ, బయట వాళ్ళకు దోవ చూపించేవాళ్ళు లేరు గదా అనిపించింది” అని తర్వాతెప్పుడో చెప్పారు.

ఆ మొదటిరోజు ఇంటికి తీసుకెళ్ళి, “ఏం తింటావు?” అని అడిగారు. నాకేది ఇష్టమో గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఏమీ తోచలేదు. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడలేదు, ఓదార్చలేదు. “సరే, ఈ పూటకు ఉండేది తిను. రేపు ఆలోచించి చెప్పు” అని నెత్తళ్ళు పెనం మీద వేశారు. ఆ కాలంలో మా కులంవాళ్ళు ఆయన ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగరు. నేను ఆ సంగతి మరిచిపోయానని ఆయన అనుకోలేదు. గిన్నె నా ముందు పెట్టి, తినేదీ లేనిదీ చూడకుండా బయటికెళ్ళి కూర్చున్నారు. నేను తిన్నాను.

మూడోరోజు నన్ను ఉప్పుకొఠార్ల యజమాని ఖాదర్ సాయిబు దగ్గరికి తీసుకెళ్ళారు. నన్ను బయట నిలబెట్టి తాను ముందుగా వెళ్ళారు. ఆయన మాట నాకు వినబడుతూనే ఉంది. “సాయిబు గారూ, ఈ మనిషి ఒకణ్ణి చంపినాడు. ఏడేళ్ళు జైల్లో ఉండి వచ్చినాడు. పని చేసే మనిషి.” సాయిబు బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసి, “రేపు పొద్దన్నే రమ్మను” అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు నాకు కోపం ఆగలేదు. పని దొరికింది కదా, ఆ మాట చెప్పకపోతే ఏం పోయిందని అరిచాను. రత్నం గారు గొడుగు రెండో చేతికి మార్చుకుని, “దాచిపెట్టుకుంటే దానికి రోజూ నువ్వే కాపలా కాయాల. ఇన్నేళ్ళు కాపలాలో ఉండింది చాల్లేదా?” అన్నారు.

ఆయన ఇంట్లో ఉన్న రెండేళ్ళలో బాప్తిస్మం మాట నాతో ఎత్తలేదు. ఆదివారం ప్రార్థనలో నేనూ చివర కూర్చునేవాణ్ణి. ఎందుకు అడగరని నేనే ఒకసారి అడిగితే నవ్వారు. “నా అన్నం తింటుండావు. నేనడిగితే కాదనలేవు. కాదనలేనోణ్ణి అడిగేది ఏం అడగటం?”

మా ఊరికి వెళ్ళిన రోజు మాత్రం నేను మరిచిపోలేను. నేను ఊళ్ళోకి రావచ్చో లేదో పెద్దలనడగాలన్నారు రత్నం గారు. పెద్దరైతు ఇంటికి వెళ్ళాం. అరుగు మీద నలుగురున్నారు. నన్ను తేరిపార చూశారు. తర్వాత ఒకాయన జరిగి, “కూర్చోరా చెంచయ్యా” అన్నాడు. కూర్చున్నాను. రత్నం గారు వీధిలో, ఎండలో నిలబడ్డారు. ఆయన్ని అరుగెక్కమని ఎవరూ అనలేదు, అనరు. “ఏరా, నువ్వేనా వీణ్ణి వెంటేసుకొచ్చింది?” అన్నాడు పెద్దరైతు, తనకంటే పదేళ్ళు పెద్దవాడైన ఆ మనిషిని. “నేనేనయ్యా” అన్నారు రత్నం గారు. మనిషిని చంపిన నేను నీడలో కూర్చున్నాను. నా తరఫున బతిమాలుకోవడానికి వచ్చినాయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎండలో నిలబడ్డారు. లేచి ఆయన పక్కకు వెళ్ళాలనుకున్నాను. వెళ్ళలేదు. కాళ్ళు కదలలేదనడం అబద్ధం. అరుగు మీద చోటు దొరికింది, దాన్ని వదులుకోలేకపోయాను. తిరుగుదారిలో ఆయన ఆ మాటే ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పెద్దలు సరేనన్నారు, పెంచలమ్మ ఒప్పుకుంటేనే. రత్నం గారు ఒక్కరే ఆమె ఇంటికి వెళ్ళారు. “మళ్ళా రాబాకయ్యా” అని ఆమె తలుపేసుకుంది. కోతలైపోయాక మళ్ళీ వెళ్ళారు. ఆ మరుసటి ఏడూ వెళ్ళారు. నేనూ వచ్చి ఆమె కాళ్ళ మీద పడతానన్నాను. ఆయన ససేమిరా అన్నారు. “ఆమె కాడ కొడుకును తీసుకున్నావు. ఇప్పుడు క్షమాపణ కూడా ఇమ్మంటావా? ఆమెనేమీ అడగబాక. ఆమెకు ఏం కావాల్నో కనుక్కోవాలని పోతుండా, నీకోసం కాదు.”

ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళంతా నాలా నిలబడలేదు. ఒకడు ఆయన దుప్పటి, లాంతరు పట్టుకుని పోయాడు. ఇంకొకణ్ణి పెళ్ళాం ఇంట్లోకి రానిచ్చింది గానీ, నెల తిరగకుండా వాడే తాగి కొట్టి మళ్ళీ జైలుకెళ్ళాడు. ఆ కబురు తెలిసిన సాయంత్రం రత్నం గారు కాళ్ళు వాచిపోయి, గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు. “అలిసిపోయినానబ్బయ్యా. దేవుడితో కూడా చెప్పినా ఈ మాట” అన్నారు. “ఆయనేమన్నాడు?” అన్నాను. “ఏమంటాడు? ఏమీ అన్లా.” కాళ్ళు నీళ్ళలోంచి తీసి తుడుచుకుంటూ, “రేపు వాకాడు పోవాల. ఆడ, జైల్లో ఉండే ఒకాయన తమ్ముణ్ణి చూడాల” అన్నారు. పొద్దున్నే నేను లేచేసరికి కాలవ పడవ కోసం వెళ్ళిపోయారు.

ఒక ఏడు తుఫానుకు మా ఊరి కాలవ గట్టు తెగి, పెంచలమ్మ చేలో ఇసుక మేట వేసింది. రత్నం గారు వెళ్ళినప్పుడు మొదటిసారి ఆమె తలుపు తీసి నిలబడిందట. “నా గట్టు పూడ్చేదానికి మగదిక్కు లేదు. ఎందుకు లేదో ఆ చెంచయ్యకు తెలుసు. వచ్చి పూడ్చమను. నా కంట పడబాకమను.” నేను వెళ్ళాను. నాలుగు రోజులు ఇసుక ఎత్తి, గట్టు పోశాను. రమణయ్య పడిపోయిన చోటు ఆ గట్టు మీదే. అక్కడికి రాగానే పార పట్టుకోలేకపోయాను. చేతులతోనే మట్టి వేశాను. ఆ తర్వాత ప్రతి ఏడూ నాట్లకు ముందు వెళ్ళి ఆమె గట్టు సరిచేసి వచ్చేవాణ్ణి. ఆమె ఏనాడూ చేనికి రాలేదు, కబురు పెట్టలేదు, వద్దనలేదు. ఆమె పోయిన సంగతి కర్మకాండలు అయ్యాక తెలిసింది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

రత్నం గారు అరవైల నడుమ పోయారు. చివరి నెలల్లో లేవలేని స్థితిలో కూడా, విడుదల కాబోయే ఒక మనిషి కోసం వాకాడు దగ్గర పల్లెకు వెళ్ళాలని గింజుకునేవారు. “నేను పోతాను” అన్నాను. నా మీద నమ్మకంతో అన్న మాట కాదది. ఆయన అలా లేవబోయి పడిపోతుంటే చూడలేక అన్నాను. ఆ ఇంటి ముందు నిలబడితే తలుపు సందులోంచి ఆ మనిషి భార్య, “నువ్వెవురు?” అంది. “నేనూ జైలు నుంచి వచ్చినోణ్ణేనమ్మా. మనిషిని చంపినాను” అన్నాను. తలుపు మూసేసింది. తిరిగొచ్చి ఆయనకు చెప్పాను. కళ్ళు మూసుకునే విని, “మళ్ళా ఎప్పుడు పోతావు?” అన్నారు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాటల్లో అదొకటి. ఆయన్ని సర్వి చెట్ల తోపు పక్కన ఇసుకలో పూడ్చినప్పుడు జైలు చూసి వచ్చినవాళ్ళం ఐదుగురమే వచ్చాం. ఖాదర్ సాయిబు కూడా వచ్చి, ఒక పిడికెడు మట్టి వేశారు.

ఆయన పని నాకు అప్పగించలేదు. నేనూ మాట ఇవ్వలేదు. అయినా ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరి కోసం ఏదో ఒక ఇంటి ముందు నిలబడుతూనే ఉన్నాను. వాకాడు ఇంటి తలుపు తెరుచుకోవడానికి నాలుగుసార్లు పట్టింది. కొన్ని తలుపులు తెరుచుకోనే లేదు. మంచి చేసేవాళ్ళ మనసు తేలిగ్గా, సంతోషంగా ఉంటుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. రత్నం గారి మనసు అలా ఉండగా నేను చూసింది తక్కువ. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది, విసిగిపోయిన మనిషి కూడా పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కోవచ్చునని. మోకాళ్ళు సహకరించడం లేదు. ఎల్లుండి, విడుదల కాబోయే ఒకతని తల్లి దగ్గరికి వెళ్ళాలి. పోయినసారి ఆమె నా ముఖం మీదే, ఇంకోసారి రావద్దని చెప్పింది.