పిన్ని నాతోనే మాట్లాడేది

కొత్త నేతచీర మడత విప్పితే వచ్చే గంజి వాసనకు ఇప్పటికీ బండారులంకలో మా మగ్గాల ఇల్లు గుర్తొస్తుంది.

నేను రెండో తరగతిలో ఉండగా బాబాయి సిరిసిల్ల అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కాపురానికి వచ్చిన మర్నాడు ఆ పిన్ని, రాట్నం దగ్గర కూర్చున్న మా నానమ్మను ఆప్యాయంగా పలకరించింది.

"అత్తమ్మా, తిన్నవా?"

నానమ్మ రాట్నం ఆపేసింది. పిన్ని లోపలికి వెళ్లాక పక్కింటావిడతో, "చూసేరాండీ, అత్తగారిని పట్టుకుని నువ్వంటంది. మాటలో మర్యాద లేదండీ," అంది.

"ఆయ్," అందావిడ.

తలుపు వెనకే ఉన్న పిన్నికి అది వినబడింది. అప్పటినుంచి పెద్దవాళ్లు ఏమడిగినా తల ఊపి ఊరుకునేది. నాకు జడ వేసేటప్పుడు మాత్రం మాటలు ఆగేవి కావు.

"బడిల ఏం చెప్పిన్రు బిడ్డా? బువ్వ మంచిగ తిన్నవా?"

పిన్నికి ఇంట్లో అందరికన్నా నేనంటేనే ఇష్టమని బడిలో గొప్పగా చెప్పుకున్నాను.

వానలు వెనకబట్టాక ఒకరోజు పిన్ని, "అత్తయ్యగారూ, భోంచేసేరాండీ?" అంది. నానమ్మ ఆ సంగతి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. పిన్ని మెల్లగా అందరితోనూ మాట్లాడసాగింది. నాతో కబుర్లు తగ్గాయి. నేను రెండు రోజులు అలిగాను.

పిన్నికి నామీద ప్రత్యేకంగా ఇష్టం ఉండేదో లేదో ఇప్పుడు చెప్పలేను. ఆ ఇంట్లో నువ్వు అంటే తప్పు పట్టని మనిషిని మాత్రం నేనొక్కదాన్నే.